బట్టీ గేటు దగ్గర పని లేదు

నిద్ర కోసం గవర్నమెంటుకి అర్జీ పెట్టుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? నీలకంఠం పెట్టుకున్నాడు. కాగితం మీద ఓవర్‌టైం క్లెయిము అనే రాశారు. ఇంతకాలం అదనంగా చేసిన గంటలకి జీతం ఇప్పించండి, ఇకమీదట డ్యూటీ ఎనిమిది గంటలు చెయ్యండి అని. డబ్బు సంగతి అతనికి అంత పట్టలేదు. కావల్సింది ఆ రెండో ముక్క. ఎనిమిది గంటలు పనిచేసి ఇంటికెళ్ళి మనిషిలా పడుకోవాలి. అదేం గొంతెమ్మ కోరిక కాదు.

దువ్వాడ దాటాక మెయిన్ లైను నుంచి చీలి ఫ్యాక్టరీల వైపు వెళ్ళే బొగ్గు లైను ఒకటుంది. దానిమీద ఇటికల బట్టీల పక్కన ఒక రైలు గేటు. కాగితాల్లో దానికేదో నంబరుంది గాని చుట్టుపక్కల అందరికీ అది బట్టీ గేటు. నీలకంఠం అక్కడ గేటుమేను. పద్మనాభం దగ్గర వరి చేలు చేసుకునే ఇంట్లో పుట్టి, పరీక్ష రాసి ఉద్యోగం కొట్టాడని వాళ్ళ ఊరంతా స్వీట్లు తిన్నారు. ఎలాంటి ఉద్యోగమో తెలిసుంటే అంత తినేవారు కాదు.

ఆ గేటు తీరు ముందే చెప్పేస్తాను, లేకపోతే నన్ను తిట్టుకుంటారు. మామూలు గేట్లు తెరిచి ఉంటాయి, రైలొచ్చేటప్పుడు మూస్తారు. ఇది తిరకాసు గేటు. ఎప్పుడూ మూసే ఉంటుంది. బండివాడొచ్చి హారన్ కొడితే గేటుమేను స్టేషనుకి ఫోన్ చేసి, రైలేదీ లేదని మాస్టరు చెప్పాక, తాళం తీసి, చక్రం తిప్పి గేటు ఎత్తాలి. బండి దాటగానే చక్రం వెనక్కి తిప్పి దించి, తాళం వేసి, వేశానని మళ్ళీ ఫోన్‌లో చెప్పాలి. అతను ఫోను పెట్టీ పెట్టకముందే అవతలి వైపు ఇంకొకడు హారన్ కొడతాడు. ఇటికల ట్రాక్టర్లు, కాలేజీ బస్సులు, కొత్త అపార్ట్‌మెంట్లకి ఇసక తోలే లారీలు, షేర్ ఆటోలు, పాలవాళ్ళు, పెళ్ళివాళ్ళు! ఒక్క నిమిషం ఆలస్యమైతే అమ్మానాన్నల్ని కలిపి తిట్టేవాళ్ళు.

అయినా రైల్వే శాఖ లెక్కలో అది తేలిక పని. బట్టీలు తప్ప ఇంకేమీ లేని రోజుల్లో ఎవడో మహానుభావుడు అలా రాసి వెళ్ళాడు. తేలిక పనివాడికి పన్నెండు గంటల డ్యూటీ. అదే బరువు పని అని రాస్తే ఎనిమిది గంటలు, ఇద్దరికి బదులు ముగ్గురు మనుషులు. ఇప్పుడున్నది నీలకంఠం, గుణశేఖర్. ఒకడికి జ్వరమొస్తే రెండోవాడు, బదులు మనిషి వచ్చేదాకా అక్కడే పడి ఉండాలి. గేటుని అలా వదిలేసి పోవడానికి లేదు కదా. "నిద్దర మొకంతో ఎల్తావు, నిద్దర మొకంతో వొత్తావు. నీ మొకం ఎలాగుంటాదో నాను మర్సిపోనాను," అంటుంది అతని భార్య ధనలక్ష్మి. నవ్వుతూ అనేది మొదట్లో.

అర్జీ దాకా తెచ్చింది మాత్రం ఎండాకాలంలో ఒక పొద్దు.

గుణశేఖర్ కూతురికి బాగోలేదని సెలవు పెట్టాడు. బదులు మనిషి వస్తాడన్నారు, రాలేదు. ముందురోజు పొద్దున ఎక్కిన నీలకంఠం రాత్రంతా చేసి, మళ్ళీ తెల్లారినా దిగలేదు. ఎండ పడుతోంది. ఒక ఇటికల ట్రాక్టరు వస్తే గేటు ఎత్తాడు. ట్రాక్టరు దాటింది. దించడానికి చక్రం దగ్గరికి వెళ్ళవలసినవాడు ఒక్క క్షణం స్టూలు మీద కూర్చున్నాడు. అంతే! కళ్ళు మూతబడ్డాయి.

ఫోను మోగింది. చెయ్యి దానంతటదే ఎత్తింది.

"బట్టీ గేటు, బొగ్గు బండి వదుల్తున్నా. గేటు వేసుందా?" అన్నాడు స్టేషన్ మాస్టరు.

"ఏసే ఉందండి," అన్నాడు నీలకంఠం.

ఏళ్ళ తరబడి అంటున్న మాట అది. నోటికి అలవాటైపోయింది, చెప్పడానికి మనిషి మెలకువగా ఉండక్కర్లేదు. ఫోను పెట్టి గోడకి ఒరిగాడు. గేటు బార్లా తెరిచి ఉంది. బొగ్గు బండి బయల్దేరింది.

భుజం పట్టి ఎవరో ఊపేస్తుంటే లేచాడు. ఎదురుగా దేముడమ్మ. తీరం నుంచి చేపల గంప తెచ్చి ఆ ఊళ్ళన్నిట్లో తిరిగి అమ్ముకునే ముసలామె. రోజూ అటే వెళ్తుంది. గేటు దగ్గర నీళ్ళు తాగి, రెండు మాటలాడి పోతుంది.

"లెగు నాయినా లెగు! జెండా పట్టు, బండొచ్చీసింది!"

పచ్చజెండా పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నేల అదిరిపోతూ ఇంజను అతని ముందునుంచి పోయింది. బొగ్గు పెట్టె తర్వాత బొగ్గు పెట్టె. అప్పుడు చూశాడు. గేటు దించి ఉంది. గేటు అవతల కాలేజీ బస్సు ఆగి ఉంది. కిటికీల నిండా పిల్లలు, చెవుల్లో వైర్లు పెట్టుకుని, ఫోన్లు చూసుకుంటూ. ఒకమ్మాయి అతన్ని చూసి ఆవలించింది.

గేటు తను దించలేదు. అంతమాత్రం తెలుసు.

దేముడమ్మ కుడి మణికట్టు పట్టుకుని నిలబడి ఉంది. గేటు తెరిచి ఉండడం, అతను ఒరిగిపోయి ఉండడం, దూరంగా ఇంజను కూత, అన్నీ ఒక్కసారే తెలిశాయి ఆమెకి. గంప రోడ్డు మీద పారేసి వచ్చి చక్రం తిప్పింది. ఇన్నేళ్ళుగా అతను తిప్పుతుంటే చూస్తున్నదే కదా. సగంలో పిడి జారి వెనక్కి తిరిగి చేతిమీద కొట్టింది. అయినా వదల్లేదు. ఆమె చేపలు రోడ్డంతా పడి ఉన్నాయి. కాకులు దిగాయి.

"అమ్మా, నాను..." అన్నాడు.

"నువ్వే ఏసినావు బాబూ గేటు," అంది దేముడమ్మ. "నాను ఈ పక్కకే రాలేదు. తెలిసిందా? నువ్వే ఏసినావు."

ఆ మణికట్టు మళ్ళీ సరిగ్గా కూడుకోలేదు. ఆనాటి నుంచి ఎడమచేత్తోనే గంప పట్టుకుంటుంది.

నీలకంఠం ఆ సంగతి గుణశేఖర్‌కి చెప్పలేదు, ధనలక్ష్మికీ చెప్పలేదు. డ్యూటీలో నిద్రపోయినవాడికి ఉద్యోగం ఉండదు, అది వేరే భయం. దానికన్నా పెద్ద భయం ఆవలించిన అమ్మాయి. కళ్ళు మూస్తే ఆ పిల్లే కనిపించేది. నిద్ర కోసం మొహం వాచిపోయినవాడికి, తీరా పడుకుంటే నిద్రపట్టని రోగం కూడా వచ్చింది. ఖర్మ కాకపోతే ఏమిటి చెప్పండి!

వారం తిరక్కుండా యూనియన్ ఆఫీసుకి వెళ్ళాడు. కార్యదర్శి నరసింహమూర్తి తాతలు గోదావరి జిల్లా నుంచి పోర్టు పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్ళు. చట్టం ఆయనకి కొట్టిన పిండి.

"ఇన్నాళ్ళూ ఏం చేశావయ్యా? ఎప్పుడో అడగాల్సింది ఇది," అన్నాడు ఆయన. "అర్జీ పెడదాం. పని బరువో తేలికో చూడ్డానికి ఇనస్పెక్టరు వస్తాడు. మూడు రోజులు, రాత్రీ పగలూ గేటు దగ్గరే కూర్చుని నువ్వెన్నిసార్లు గేటు ఎత్తావో, ఎన్నిసార్లు దించావో రాసుకుంటాడు. అతను రాసిందే వేదం. మీ గేటు సంగతి నాకు తెలుసు కదా, మొదటి పూటకే అతనికి తల తిరిగిపోతుంది. నువ్వు నోరు విప్పక్కర్లేదు."

నీలకంఠానికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. అర్జీ సంగతి గేటు దగ్గర ఎవరికీ చెప్పలేదు. గవర్నమెంటు మీద క్లెయిము వేశాడంటే డబ్బాశ అనుకుంటారని మొహమాటం. అంతకు మించి వేరే దురుద్దేశం లేదు. ఆ ఒక్క మొహమాటమే అతన్ని ముంచింది. అది తర్వాత తెలిసింది.

వానలు మొదలయ్యాక వచ్చాడు ఇనస్పెక్టరు. అచ్యుతరామయ్య ఆయన పేరు. కృష్ణా జిల్లా మనిషి, రిటైర్మెంటు దగ్గర పడ్డవాడు, కాఫీ కూడా ఒకరి దగ్గర పుచ్చుకోడు. రాత్రులు కూర్చోడానికి ఒక అసిస్టెంటుని తెచ్చుకున్నాడు. గేటు గది గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుని, "నీ పని నువ్వు చేసుకోవయ్యా. నేనున్నానని అనుకోకు," అన్నాడు.

నీలకంఠం ఆ రోజు యూనిఫాం ఇస్త్రీ చేయించుకొచ్చాడు. చక్రానికి నూనె పోశాడు. రండి, ఎంతమంది వస్తారో రండి అనుకుంటూ రోడ్డు వైపు చూశాడు.

రోడ్డు ఖాళీగా ఉంది.

ఒక బొగ్గు బండి వెళ్ళింది. పచ్చజెండా చూపించాడు. అచ్యుతరామయ్య ఏదో రాసుకున్నాడు. తర్వాత చాలాసేపు రాసుకోవడానికి ఏమీ లేకపోయింది. కాలేజీ బస్సు రాలేదు. సెలవేమో అనుకున్నాడు నీలకంఠం. ఇటికల ట్రాక్టరు రాలేదు. వానకి బట్టీ ఆపారేమో. మరి ఇసక లారీలు? ఆటోలు? పాలవాడు? పాలవాడికేం వచ్చింది, వాడికి వానేమిటి, సెలవేమిటి!

వచ్చినవాళ్ళు నడిచి వచ్చారు. పక్కనున్న చిన్న సందులోంచి ఒద్దికగా దాటి, కుర్చీలో ఉన్న ఇనస్పెక్టరుకి నమస్కారం పెట్టి మరీ పోయారు. రోజూ గేటు మీద కాలేసి తన్నే కుర్రాళ్ళు కూడా మోటారుసైకిళ్ళు ఆపి, అవతల రైలు లేకపోయినా హారన్ కొట్టకుండా బుద్ధిమంతుల్లా నిలబడ్డారు. నీలకంఠమే ఉండబట్టలేక లేచి వెళ్ళి గేటు ఎత్తబోతే, "అక్కర్లేదన్నా, కంగారేటి లేదు. నీ పని సూసుకో," అని బళ్ళు వెనక్కి తిప్పుకుని పోయారు.

మధ్యాహ్నం దేముడమ్మ వచ్చింది. గంప దించి ఇనస్పెక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"బాబు మంచోడు సారూ. రాతిరనక పగలనక రెప్పెయ్యడు. కళ్ళల్లో వొత్తులేసుకుని కూకుంటాడు. నాను రోజూ సూత్తన్నాను గదా!"

అచ్యుతరామయ్య కళ్ళజోడు పైనుంచి ఆమెని చూసి, "సరే తల్లీ, సంతోషం," అన్నాడు. ఆమె పోతూ పోతూ నీలకంఠానికి మాత్రమే కనిపించేట్టు కన్ను గీటింది. ఎందుకో అతనికి అప్పుడు అర్థం కాలేదు.

రెండో రోజూ అదే తంతు. వాన వెలిసింది, ఎండ కాసింది, రోడ్డు మీద పురుగు లేదు. దూరంగా మలుపు దగ్గర ట్రాక్టరు ఒకటి కనిపించింది. హమ్మయ్య అనుకుని నీలకంఠం ఫోను దగ్గరికి ఒక అడుగు వేశాడు. ట్రాక్టరు మలుపులో ఆగింది. ఆగి, మెల్లగా వెనక్కి తిరిగి, చెరువు గట్టు మీది చుట్టుదారి పట్టింది. నీలకంఠానికి పరుగెత్తుకెళ్ళి ఆ డ్రైవరు కాలర్ పట్టుకుని ఈడ్చుకురావాలనిపించింది. డ్యూటీలో ఉన్నవాడు గేటు విడిచి కదలకూడదు. పళ్ళు నూరుకుంటూ నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఎప్పుడూ ఇంతేనా?" అని అడిగాడు అచ్యుతరామయ్య సాయంత్రం.

"కాదండి బాబూ! ఒట్టు! రోజూ సచ్చిపోతామండి. ఊపిరి తీసుకోడానికి కాళీ ఉండదండి."

"మరి ఏరీ?"

ఇనస్పెక్టరు మొహంలో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. కొంచెం జాలి కూడా ఉంది.

"నేను చూసింది రాయగలను గాని, నువ్వు చెప్పింది రాయలేను కదా," అన్నాడు.

మూడో రోజు నీలకంఠం దేవుడికి మొక్కుకున్నాడు. ఎవరినైనా పంపు తండ్రీ, ఒక్క పెళ్ళి బస్సు పంపు, ఒక్క శవయాత్రైనా పంపు అని. పాపం, శవం కూడా రాలేదు. సాయంత్రం అచ్యుతరామయ్య కుర్చీ మడిచి, రాసుకున్నవి సంచిలో పెట్టుకుని, అతని భుజం తట్టాడు. "ప్రశాంతంగా ఉందయ్యా ఇక్కడ," అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

జీపు మలుపు తిరిగింది. ఆ దుమ్ము ఇంకా అణగలేదు. అటునుంచి ట్రాక్టర్లు, ఇటునుంచి ఆటోలు, బస్సు, లారీలు, మోటారుసైకిళ్ళు, మూడు రోజులుగా ఎక్కడ దాక్కున్నాయో అన్నీ ఒక్కసారి గేటు మీద పడ్డాయి. ఒకటే హారన్లు. అందరి మొహాల్లో నవ్వు. ముందు ట్రాక్టరు మీద గవర్రాజు, ఇటికల బట్టీ డ్రైవరు, దిగి వచ్చి నీలకంఠం చెయ్యి పట్టుకుని ఊపాడు.

"ఏటి బావా, ఎలాగుంది మా సాయం? ఎలిపోనాడా ఆడు?"

"సాయమేటి?"

"ఓర్నాయనో, ఏటీ తెల్దంటావేటి! ఆఫీసరు నీ మీద కన్నేసి వొత్తన్నాడని టేసన్లో ఎవులో అనుకుంటంటే ఇని దేముడమ్మత్త ఇంటింటికీ తిరిగి సెప్పింది బావా. గేటు కాడ ఏ గొడవా రాకూడదు, బాబుకి అలుపు రాకూడదు, మళ్ళీ కునుకు పట్టీసిందంటే ఉజ్జోగం ఊడిపోద్ది, మూడ్రోజులు అందరూ సెరువు గట్టు మీంచే ఎల్లండి అని కాళ్ళట్టుకుంది. కాలేజీ బస్సోణ్ణి కూడా వొప్పించీసింది. డీజిలు మండిపోనాది గాని పర్లేదు. మన గేటుమేనుకి మనం కాకపోతే ఎవులు సేత్తారు!"

"మళ్ళీ కునుకా?" అన్నాడు నీలకంఠం.

గవర్రాజు నాలుక కరుచుకున్నాడు. "అదే... ఎండాకాలంలో... పోనీద్దూ బావా. అందరికీ తెల్సిందే. మనిసన్నాక నిద్దర రాదేటి? ఎవులం నోరిప్పలేదు గదా."

నీలకంఠం తల కొట్టేసినట్టయింది. ఊరందరికీ తెలుసు. తెలిసి, రోజూ తన మొహాన హారన్లు కొట్టి, తిట్టి, దాటి పోయారు. ఒక్కడు కూడా పైకి అనలేదు. అతను రహస్యం అనుకుని మోస్తున్నది చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి మోశాయి. ఏడవాలో, వాళ్ళని కొట్టాలో తెలియలేదు. వెళ్ళి ఫోను ఎత్తి, రైలు లేదని తెలుసుకుని, చక్రం తిప్పాడు. చీకటి పడేదాకా తిప్పుతూనే ఉన్నాడు.

మర్నాడు డ్యూటీ దిగి తిన్నగా నరసింహమూర్తి దగ్గరికి పోయాడు. జనం కావాలనే రాలేదండి అన్నాడు. ఆయన మొదట పడీ పడీ నవ్వాడు. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని లాయరు మొహం పెట్టాడు.

"దీనికి మందుంది. స్టేషన్లో మీ ఫోన్లన్నీ రాసి ఉంటాయి. మామూలు రోజు ఎలా ఉంటుందో అవి తీసి చూపిద్దాం. మళ్ళీ చూడమని అడుగుదాం. కాకపోతే ఆ మూడు రోజులూ అంత తేడా ఎందుకొచ్చిందని వాళ్ళు విచారణ పెడతారు. ఊరివాళ్ళని పిలుస్తారు. ఎందుకు రాలేదని అడుగుతారు. ఏం చెప్తారు?"

నీలకంఠం గుమ్మం వైపు చూశాడు.

"చెప్పవయ్యా. కారణం ఏదో ఒకటి ఉంటుందిగా. అంతమంది మూడు రోజులు చుట్టు తిరిగి వెళ్ళారంటే ఊరికే వెళ్ళరు."

గవర్రాజుని పిలుస్తారు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. దేముడమ్మని పిలుస్తారు. సారూ, బాబు తప్పు లేదు, గేటు నేనే వేశాను అని ఏడుస్తూ చెయ్యి చూపిస్తుంది. పనెక్కువై నిద్రపోతున్నాడని రుజువు చెయ్యాలంటే నిద్రపోయాడని ఒప్పుకోవాలి. ఒప్పుకున్న రోజే ఇంటికి పంపిస్తారు. ఎనిమిది గంటలూ లేదు, పన్నెండు గంటలూ లేదు. ధనలక్ష్మి మొహం కళ్ళముందు కదిలింది.

"వొద్దులెండి," అని లేచాడు.

"ఏమిటి వద్దు? గెలిచే కేసు పెట్టుకుని!"

"వొద్దండి. ఇడిసీండి."

నరసింహమూర్తి అతన్ని పిరికివాడన్నాడు. మీలాంటివాళ్ళ వల్లే ఈ దేశం ఇలా ఉందన్నాడు. ఆయనకేం తెలుసు! నీలకంఠం అన్నీ విని బయటికి వచ్చి, బస్సెక్కి, కండక్టరు లేపేదాకా నిద్రపోయాడు. స్టాపు దాటిపోయింది. అంత దూరమూ వెనక్కి నడుచుకుంటూ వచ్చాడు.

దారి పొడుగునా దేముడమ్మ మీద ఒళ్ళు మండిపోయింది. ఎవరు చెయ్యమన్నారు నిన్ను? ఎవరడిగారు? కనిపిస్తే నాలుగూ దులిపెయ్యాలి అనుకున్నాడు. ఏమేం అనాలో కూడా కూర్చుకున్నాడు. మర్నాడు ఆమె వచ్చింది, ఎడమచేత్తో గంప పట్టుకుని. కుడి చెయ్యి వంకరగా పక్కన వేలాడుతోంది. అతను కూజాలోంచి నీళ్ళు వంచి ఇచ్చాడు.

చలి మొదలయ్యాక ఆర్డరు వచ్చింది. సదరు గేటు వద్ద పని తేలిక స్వభావం గలదని పరిశీలనలో తేలినందున క్లెయిము తిరస్కరించడమైనది. అంతే, రెండు ముక్కలు. గుణశేఖర్ చదివి, కాగితం మడిచి కిటికీలో పెట్టి, డ్యూటీ అప్పగించి వెళ్ళిపోయాడు.

ఆ పొద్దున రోడ్డు ఇటు మలుపు దాకా, అటు బట్టీల దాకా బళ్ళతో నిండిపోయింది. నీలకంఠం ఎత్తుతున్నాడు, దించుతున్నాడు, ఫోను చేస్తున్నాడు, మళ్ళీ ఎత్తుతున్నాడు. "నిద్దరోతన్నావేటి బే!" అని ఎవడో కొత్త లారీవాడు అరిచాడు. అతను గేటు దించి, తాళం వేసి, గదిలోకి వచ్చేసరికి దేముడమ్మ గుమ్మంలో గంప దించుకుంటోంది.

"కాయితం వొచ్చిందంట గదా. గుణశేకరు బాబు సెప్పినాడు. ఆ సారు ఏటి రాసినాడు బాబూ? నిన్నేటీ అన్లేదు గదా?"

నీలకంఠం ఆ కాగితం వైపు చూశాడు. ఆమె చేతి వైపు చూశాడు.

"ఏటీ అన్లేదమ్మా. తప్పేటి లేదని రాసినాడు. గేటు కాడ ఇబ్బందే లేదని రాసినాడు."

"మరదే! నాను సెప్పలేదేటి!" ముసలామె మొహం చాటంత అయింది. గుమ్మం దిగి బళ్ళ వైపు తిరిగి గట్టిగా కేకేసింది. "ఓరి గవర్రాజూ! మన బాబు గట్టెక్కీసినాడ్రా!"

గవర్రాజు ట్రాక్టరు హారన్ మోగించాడు. పక్క ఆటోవాడు మోగించాడు. బస్సువాడూ అందుకున్నాడు. గేటుకి రెండు వైపులా హారన్లు, ఈలలు, చప్పట్లు. నీలకంఠం కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వుకి దవడలు నొప్పెట్టాయి.

ఆ గోలలోనే ఫోను మోగింది.

"బట్టీ గేటు, బొగ్గు బండి వదుల్తున్నా. గేటు వేసుందా?"

"ఏసే ఉందండి."

ఫోను పెట్టేశాడు. చెయ్యి దానిమీదే ఉండిపోయింది. వేశానా? ఇప్పుడే కదా చక్రం తిప్పింది, భుజం ఇంకా లాగుతోంది. ఇప్పుడేనా, ఇందాక లారీకా? లారీ ఇవాళా, నిన్నా? కిటికీలోంచి చూస్తే గేటు దించినట్టే కనిపిస్తోంది. ఆ రోజు కూడా మూసే ఉందనుకున్నాడు. తన కళ్ళ మీద తనకి నమ్మకం లేదు.

"అమ్మా," అన్నాడు. "గేటు ఏసినానా?"

దేముడమ్మ నవ్వబోయింది, హాస్యమాడుతున్నాడని. అతని మొహం చూసి నవ్వు ఆపేసింది. గుమ్మం దిగి గేటు దగ్గరికి నడిచింది. ఆ వంకర చేత్తోనే గేటుని నొక్కి చూసింది, తాళం పట్టి లాగి చూసింది. వెనక్కి వచ్చింది.

"ఏసినావు బాబూ," అంది. "నువ్వే ఏసినావు."

రైలు దాటేదాకా గుమ్మంలోనే కూర్చుంది. దాటాకా లేవలేదు. గంపలో చేపలు ఎండకి వాడిపోతున్నా డ్యూటీ దిగే వేళ దాకా అతని కళ్ళనే చూస్తూ కూర్చుంది. ఆ మర్నాడు కూడా వచ్చి కూర్చుంది.